నరసింహం ఓడ

ఫిబ్రవరి 6

మా తమ్ముడు నరసింహం మునిగిపోయిన ఓడ దొరికిందంట. బందరు నుంచి సర్కారు ఆఫీసు వాళ్ళు రాంబాబుకి ఫోన్ చేశారు. రాంబాబు నా కొడుకు. బాబాయిని ఫొటోలో చూడటమే గానీ మనిషిని ఎరగడు. ఫోన్ జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"నాన్నా, బాబాయి ఓడ బందరుకి దిగువన సముద్రంలో దొరికిందంట. సగం ఇసకలో దిగబడి ఉందంట."

"తీస్తారా?"

"తియ్యరంట. చరిత్ర కలిగిన ఓడ కాబట్టి అక్కడే ఉంచి, ఎవరూ ముట్టుకోకుండా కాపాడతారంట. అందులో పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఒప్పుకోవాలంట."

యాభై ఏళ్ళు దాటిపోయింది. తెల్లవాళ్ళ యుద్ధంలో తిరిగిన ఓడ అది, తర్వాత మన నేవీకి వచ్చింది. గాలివానలో పోయింది. అప్పుడొచ్చిన టెలిగ్రాంలో కనపడటం లేదని ఉంది గానీ చచ్చిపోయాడని లేదు. అందుకని మా అమ్మ ఏ కర్మా చెయ్యనివ్వలేదు. అమ్మ పోయి కూడా చాలా కాలమైంది.

దొరికితే పైకి తియ్యాలి. మనిషిని ఇంటికి తేవాలి, కాల్చాలి. నీళ్ళలో పెట్టి కాపాడేదేంటి?

పున్నమ్మకి రాంబాబే చెప్పాడు. నరసింహం పెళ్ళాం. వంటింట్లో చింతపండు పిసుకుతోంది. "ఓహో" అంది.

నాకేం అనిపించలేదు. కల్లం దగ్గరికి వెళ్ళి మిరపకాయల మీద పట్టా కప్పించి వచ్చాను.

ఫిబ్రవరి 7

పత్తి ఆఖరి తీత. మనుషులు దొరకలేదు.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం ఒకడు మోటారు సైకిలు మీద వచ్చాడు. నెత్తి మీద రుమాలు, చేతిలో ద్రాక్షపళ్ళ కవరు.

"తిరుపతిరావు గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే. నువ్వెవరు?"

"వెస్లీ అంటారండి. నందిగామ డిపోలో డ్రైవర్ని. మాది చందర్లపాడు. మీ తమ్ముడు గారితో బాయిలర్ దగ్గర పనిచేసిన మోజెస్ కొడుకుని."

నన్ను పేరు పెట్టి గారూ అన్నాడు. వీళ్ళవాళ్ళు మమ్మల్ని అయ్యా అనే కాలం నేను చూశాను. అననీ. అరుగు మీద కూర్చోమన్నాను.

కూర్చుని అరుగుని చేత్తో తడిమి చూశాడు. "ఇదేనాండీ ఆ అరుగు? లీవులో వచ్చినప్పుడు మీ తమ్ముడు గారు మా నాన్నని భోజనానికి తీసుకొచ్చారంట. మా నాన్నకి ఇక్కడ వడ్డిస్తే, ఆయన కూడా కంచం పట్టుకుని వచ్చి ఇక్కడే కూర్చున్నారంట. మా అమ్మ చెప్పేది."

నిజమే. నేను లోపల తింటున్నాను అప్పుడు.

వాడు వచ్చిన పని చెప్పాడు. మిగతా ఇళ్ళవాళ్ళంతా ఒప్పుకున్నారంట, మేమే మిగిలామంట. "అది సమాధండి. సమాధిని తవ్వుకోం కదా."

"సమాధి మీకు. మా దాంట్లో కాల్చాలి. కాల్చకపోతే మనిషి పోయినట్టు కాదు."

"సరే, మీ మాటే కానివ్వండి. పైకి తెచ్చారనుకుందాం. ఇద్దరూ ఒకే గదిలో డ్యూటీలో ఉన్నారు. ఏ ఎముక మీదో ఏది మాదో ఎవరు చెప్తారు? మా నాన్నని మీరు కాల్చేస్తే నేనెవర్నడగాలి? మీ తమ్ముడు గారిని మేం పూడ్చిపెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తే మీరు ఊరుకుంటారా?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మండింది.

"నువ్వు బస్సు నడుపుకోవయ్యా. మా ఇంటి సంగతి నాకు చెప్పకు."

"నడుపుతూనే ఉన్నానండి. అందర్నీ ఎక్కించా. మీరొక్కరే స్టేజీలో నిలబడి చెయ్యి ఎత్తట్లేదు."

పున్నమ్మ కాఫీ తెచ్చింది. వాడు లేచి నిలబడి గ్లాసు తీసుకున్నాడు. "అమ్మా, మీరేమంటారండి?" అని అడిగాడు.

"ఆమెకేం తెలుసు" అన్నాను.

పున్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ద్రాక్షపళ్ళు పుల్లగా ఉన్నాయి.

ఫిబ్రవరి 12

ఇది రాంబాబుకి ఎరువుల కొట్టు వాళ్ళిచ్చిన డైరీ. నేను చదివింది మూడో తరగతి. రాసేటప్పుడు చెయ్యి నొప్పెడుతోంది. అయినా రాస్తున్నాను. ఎందుకో తెలీదు.

పున్నమ్మ సంగతి రాయాలి. నరసింహం పోయేనాటికి ఆమెకి ఇరవై ఉంటాయేమో. పిల్లల్లేరు. అమ్మ బొట్టు తియ్యనివ్వలేదు, గాజులు తియ్యనివ్వలేదు. వస్తాడు అనేది. పుట్టింటి వాళ్ళు తీసుకుపోతామని వస్తే అమ్మ పంపలేదు. అమ్మ పోయాక నేనూ ఏమీ మార్చలేదు. ఆమె మంచికే.

ఊళ్ళో పెళ్ళిళ్ళప్పుడు పసుపు దంచటానికి ముత్తయిదువల్ని పిలుస్తారు. పున్నమ్మని పిలవాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. పిలిస్తే ఏమవుతుందో, పిలవకపోతే మా అమ్మ ఏమంటుందో. పున్నమ్మే వాళ్ళకి ఆ ఇబ్బంది లేకుండా చేసేది. పెళ్ళింట్లో అడుగు పెట్టగానే నేరుగా వంటలవైపు వెళ్ళిపోయేది. బొట్టు ఉన్నవాళ్ళల్లో ఉండదు, లేనివాళ్ళల్లో ఉండదు. పొయ్యి దగ్గర ఉంటుంది.

నా భార్య పోయినప్పుడు కూడా అంతే. వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టింది.

నేను ఆమెకి ఏం తక్కువ చెయ్యలేదు.

ఫిబ్రవరి 19

ఆఫీసు నుంచి మళ్ళీ ఫోన్. ఈసారి నేనే మాట్లాడాను. చందన అంట, చిన్నపిల్ల గొంతు. "తాతగారూ, లోపల ఏమైనా మిగిలి ఉందో లేదో కూడా మేం చెప్పలేమండి, అంతా బురద" అంది. బురద ఉంటే కడుక్కోవచ్చు, తియ్యండి అన్నాను. తియ్యబోతే విరిగిపోతుందంట. విరిగితే విరగనీ అన్నాను. మా ఇంటి మాట నాది, నేను ఒప్పుకోను అని పెట్టేశాను.

పున్నమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ ఉంది. వినే ఉంటుంది. ఏమీ అనలేదు. ఏమైనా ఉంటే అనేది.

ఫిబ్రవరి 24

అన్నం తిన్నాను. పడుకున్నాను.

ఫిబ్రవరి 26

మిరపకాయలు ఎత్తేశాం. తాలు కాయలు విడిగా పోసింది పున్నమ్మ. తుమ్ముతూనే ఏరింది. అన్నం తిన్నాను. పడుకున్నాను.

మార్చి 3

వెస్లీ ఫోన్ చేశాడు. ఈసారి నవ్వలేదు.

దొంగలు పడ్డారంట ఓడ మీద. పడవేసుకుని వచ్చి, ముక్కుకి గొట్టాలు పెట్టుకుని దిగి, వెనకాల ఓడని తోసే ఇత్తడి రెక్కలు కోసుకుపోయారంట. బాయిలర్ గది పైరేకు కూడా సగం కోశారంట. లోపల రాగి గొట్టాలు ఉంటాయి, వాటికోసం.

"పోలీసులేం చేస్తున్నారు?" అన్నాను.

"అక్కడికి పోకూడదని ఆర్డరు ఉంటే కదండీ పట్టుకునేది. ఆర్డరు రావాలంటే మీరు ఒప్పుకోవాలి. ఒక్క ఇల్లు కాదన్నా ఫైలు కదలదంట."

ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"తిరుపతిరావు గారూ. పైకప్పు తీశారంటే చేపల కన్నా ముందు వాళ్ళే వెళ్తారు లోపలికి. మా నాన్న అక్కడున్నాడండి. మీ తమ్ముడూ ఉన్నాడు."

"ఉంటానయ్యా" అని పెట్టేశాను.

రాంబాబు అడిగాడు ఏంటని. పాత ఇనప సామాను గురించి అన్నాను. నోటికి అదే వచ్చింది.

మార్చి 4

మా తమ్ముడి నెత్తి మీద రేకు కోస్తున్నారు.

మార్చి 6

బస్సెక్కి పేటలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వేదాద్రి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. స్వామి దర్శనం చేసుకుని, కర్మలు చేయించే పంతులు దగ్గర కూర్చున్నాను. నరసింహానికి పేరు పెట్టింది ఈ స్వామి మీదే.

శవం లేకపోతే ఏం చేస్తారు అని అడిగాను. మోదుగాకులతో మనిషిని కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి కాలుస్తారు, ఆ రోజు నుంచి పది రోజులు మైల పట్టాలి అన్నాడు.

"ఇది మీకు ఎవరూ చెప్పలేదాండీ ఇన్నాళ్ళూ?"

"చెప్పారు."

"మరి?"

"మా అమ్మ వద్దంది."

"అమ్మగారు ఉన్నారా?"

"లేదు. పోయింది."

"ఎప్పుడు?"

ఎండ ఎక్కువగా ఉంది, నేను బయల్దేరాలి అన్నాను. కృష్ణలో నీళ్ళు బాగా లోపలికి పోయాయి.

చేస్తే పదో రోజున పున్నమ్మకి చెయ్యాల్సినవి చెయ్యాలి. అదీ సంగతి. బొట్టు చెరపటం, గాజులు పగలగొట్టటం. ఈ వయసులో ఆమెకి ఆ కష్టం ఎందుకని నేను ఆగాను. అంతే. ఓడ పైకి తీసి ఎముకలు తెచ్చినా ఆ పని తప్పదని రాంబాబు అన్నాడొకసారి. నేను దాని గురించి ఆలోచించలేదు.

మార్చి 9

పున్నమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. ఎప్పుడూ గుమ్మం పక్కనుంచే మాట్లాడుతుంది.

"బావగారూ, బందరులో పదమూడో తారీకున ఏదో మీటింగు ఉందంటగా. రాంబాబు చెప్పాడు. నేనూ వస్తా."

"నువ్వెందుకు?"

"చూస్తా."

సరే అన్నాను. సముద్రం చూడాలని ఉందేమో అనుకున్నాను.

మార్చి 13

బందరు వెళ్ళొచ్చాం. రాంబాబు కారు మాట్లాడాడు. దారిలో నందిగామలో వెస్లీ ఎక్కాడు. ముందు సీట్లో కూర్చుని డ్రైవరుకి గేర్లు ఎట్లా వెయ్యాలో చెప్తూ వచ్చాడు. "డ్యూటీ లేని రోజు కూడా నీకు బ్రేకు మీదే కాలు" అన్నాడు రాంబాబు. పున్నమ్మ నవ్వింది. ఆమె నవ్వటం విని చాలా కాలమైంది.

ఆఫీసు దగ్గర ఆమెని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. పెద్ద గది. అధికారులు, నేవీ మనిషి ఒకడు, చందన. నేను రెండు ముక్కల్లో చెప్పదలుచుకున్నాను. ఒప్పుకోను, తియ్యాల్సిందే. దొంగలు పడకుండా కాపలా మీరు పెట్టుకోండి, అది మీ పని.

నేను నోరు తెరిచేలోపే చందన అడిగింది. "తాతగారూ, మీరు నరసింహం గారికి ఏమవుతారండి?"

"అన్నని."

"తల్లిదండ్రులు లేరు కదండీ. పిల్లలు?"

"లేరు."

"భార్య గారు?"

"ఉంది."

"ఉన్నారా! ఎక్కడున్నారండి?"

"బయట. బల్ల మీద."

గదిలో అందరూ నావైపు చూశారు. చందన కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది. "అయితే ఒప్పుకోవాల్సింది ఆవిడండి. మీరు కాదు. ఎవరూ చెప్పలేదా మీకు?"

తనే బయటికి వెళ్ళి పున్నమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీ పక్కన నేను నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. రాంబాబు ఒక స్టూలు జరిపాడు.

కంప్యూటర్లో బొమ్మ చూపించారు. పచ్చటి నీళ్ళు. ఇనుము అని తెలీట్లేదు, గుల్లలు పట్టి గుట్టలాగా ఉంది. ఇది ముందు భాగం, ఇది బాయిలర్ గది అని నేవీ మనిషి చెప్తున్నాడు. కోసిన చోట ఇనుము కొత్తగా మెరుస్తోంది. వెస్లీ తల దించుకున్నాడు, పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటా. నేను చూస్తూనే ఉన్నాను. నాకేం అనిపించలేదు. ఎవరిదో పొలంలో పాత బావి చూస్తున్నట్టుంది.

"చేపలున్నాయి" అంది పున్నమ్మ.

"ఉన్నాయమ్మా. చాలా ఉన్నాయి. వాటికి ఇల్లయిపోయింది."

"ఆయన ఏ గదిలో?"

నేవీ మనిషి చూపించాడు. పున్నమ్మ కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు పైకి తోసుకుని, బొమ్మకి దగ్గరగా వెళ్ళి చూసింది. గది మొత్తం ఆమె కోసం ఆగింది. వెనక్కొచ్చి కూర్చుంది.

"అమ్మా, పైకి తియ్యమంటారా, ఉంచమంటారా? మీ ఇష్టమేనండి. తొందరేం లేదు, ఇంటికెళ్ళి చెప్పినా సరే."

నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"ఇంట్లో నన్నెవరూ అడగలేదమ్మా. అందుకే రాలేదు ఇన్నాళ్ళూ" అంది. "ముట్టుకోవద్దు. ఆ కోసేవాళ్ళని కూడా ముట్టుకోనివ్వొద్దు. అంతే."

వేలిముద్ర వేస్తుందని సిరా పెట్టె తెరిచారు. సంతకం చేసింది. పున్నమ్మ సంతకం చెయ్యగలదని నాకు తెలీదు. మెల్లగా, ఒక్కో అక్షరం.

తిరిగి బయల్దేరాం. నందిగామలో వెస్లీ దిగి కిటికీ దగ్గరికొచ్చాడు. పున్నమ్మకి దండం పెట్టాడు. నాకు కూడా పెట్టాడు. అప్పటికి చీకటి పడుతోంది.

కారు కదిలాక పున్నమ్మ అంది. "బావగారూ, ఆకులతో చేద్దాం. వేదాద్రిలో."

నేను వేదాద్రి వెళ్ళొచ్చినట్టు ఆమెకి ఎట్లా తెలుసు? అడగలేదు.

"చేస్తే నీకు..."

"నా సంగతి నాకు వదిలెయ్యండి."

మార్చి 14

ఏమీ లేదు.

మార్చి 17

మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, ఒక్క ఆకు లేదు. ఈ నెలలో రాలిపోతాయి. పంతులేమో మోదుగాకే కావాలంటాడు. వత్సవాయి చుట్టూ తిరిగాడు రాంబాబు. చివరికి పేట బజార్లో మోదుగాకు విస్తళ్ళ కట్టలు దొరికాయి. ఎండినవే అయినా ఆకు ఆకే అన్నాడు పంతులు.

సాయంత్రం పున్నమ్మ వసారాలో కూర్చుని విస్తళ్ళు విప్పింది. ఒక్కో ఆకుకి కుట్టిన పుల్ల లాగి, ఆకు చిరగకుండా విడదీసి పేర్చింది. ఎన్ని పెళ్ళిళ్ళకి ఆ చేత్తో విస్తళ్ళు కుట్టిందో. నేనూ పక్కన కూర్చుని రెండు మూడు విప్పాను. నా చేతిలో చిరిగిపోయాయి.

"మీరు లేవండి బావగారూ" అంది. కోపంగా కాదు.

మార్చి 18

కాల్చాం.

నీళ్ళ అంచున ఇసకలో పంతులు ఆకుల్ని దారంతో కట్టి మనిషి ఆకారం చేశాడు. నరసింహం నాకన్నా పొడుగు. ఇది పొట్టిగా ఉంది. ఇంకొంచెం పొడుగు చెయ్యమన్నాను. చేశాడు.

పిల్లల్లేరు కాబట్టి పున్నమ్మ దర్భ అందుకుని రాంబాబు చేతికిచ్చింది, వాడు నిప్పు పెట్టాడు. ఎండాకులు కదా, భగ్గుమని లేచింది. బీడీ కాల్చినంత సేపట్లో అయిపోయింది. కొబ్బరికాయ టప్పుమని పగిలింది. ఇన్నేళ్ళూ ఆగింది దీనికోసం.

వెస్లీ కూడా వచ్చాడు. చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, "మా నాన్న పక్కనే ఉన్నాడండి ఆయనకి, భయం లేదు" అన్నాడు. నేను తలూపాను.

బూడిద కృష్ణలో కలిపితే సముద్రానికి, ఆయన దగ్గరికే పోతుందన్నాడు పంతులు. బెజవాడలో బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి. ఎప్పుడు పోతుందో ఏమో.

ఏడుపు రాలేదు. రాంబాబు ఏడ్చాడు, చూడని మనిషి కోసం.

మార్చి 21

అన్నం తిన్నాను. మైల కాబట్టి చప్పిడి.

మార్చి 27

పదో రోజు. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చారు. మా పెదనాన్న కూతురు బసవమ్మ వచ్చింది, నాకన్నా పెద్దది, కర్ర లేకుండా నడవలేదు గానీ ఇట్లాంటివాటికి ముందుంటుంది. పున్నమ్మని పెరట్లో పీట మీద కూర్చోబెట్టారు. వెస్లీ, రాంబాబు వసారాలో ఉన్నారు. మగవాళ్ళు అటు చూడకూడదు. నేను అటు వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాను. మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"చెయ్యి ఇటియ్యి" అంది బసవమ్మ.

"వద్దులే వదినా."

"వద్దేంటే? తద్దినం పెట్టి మంత్రం వద్దన్నట్టుంది. అక్కడ కాల్చొచ్చి ఇక్కడ గాజులతో కూర్చుంటావా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఊళ్ళో ఏమనుకోవాలో తెలీకే కదా ఇన్నేళ్ళూ నన్ను పిలవంది."

ఒకావిడ కిసుక్కున నవ్వి ఆపుకుంది. బసవమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఒరే తిరుపతీ! ఇటు రారా. నీ మరదలు ఏమంటోందో విను. పెద్దవాడివి, నువ్వు చెప్పు."

లేచాను. పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు. పున్నమ్మ పీట మీద కూర్చుని నావైపు చూస్తోంది. చేతికి ఎర్ర మట్టిగాజులు. మొహంలో భయం లేదు. ఏం చెప్తానో చూద్దాం అన్నట్టుంది.

చెప్పటానికి నా దగ్గర మాట సిద్ధంగానే ఉంది. పద్ధతి పద్ధతే అనే మాట. మా అమ్మ ఉంటే అదే అనేది. నాన్న ఉన్నా అదే.

"నన్నడుగుతావేంటి బసవక్కా" అన్నాను. "చేతులు ఆమెవి. ఆమెనడుగు."

బసవమ్మ కర్ర ఊతం చేసుకుని పున్నమ్మ వైపు తిరిగి, "అయితే నువ్వే చెప్పు తల్లీ, ఏం చెయ్యమంటావు? మొగుడి గాజులు పగలగొట్టకుండా ఎట్లా?" అంది.

పున్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"ఆయన కొన్నవి ఎప్పుడో పగిలిపోయాయి వదినా. మొదటేడే. రోలు దగ్గర. ఇవి మొన్న పేటలో నేను కొనుక్కున్నా."

బసవమ్మ ముక్కు తుడుచుకుంది. పున్నమ్మ పీట మీద నుంచి లేచి, పీట తీసి గోడకి ఆనించి, పులుసు పొంగుతోందేమోనని లోపలికి వెళ్ళింది.

భోజనాలప్పుడు వెస్లీ లోపలికొచ్చి బంతిలో కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. నా పక్క విస్తరి ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నాడు. ఆర్డరు వచ్చిందని చెప్పాడు. ఓడ చుట్టూ నీళ్ళ మీద హద్దుగా తేలే ఎర్ర బుడ్లు కట్టారంట, వాటి లోపలికి పడవలు పోకూడదంట, వలలు వెయ్యకూడదంట, కాపలా పెట్టారంట.

"పెద్దాయనా, పప్పు వేసుకోండి" అన్నాడు.

వేసుకున్నాను. పున్నమ్మ వడ్డిస్తోంది. నా దగ్గరికొచ్చి వంగినప్పుడు గాజులు గలగల్లాడాయి, ఆమె కొనుక్కున్నవి. నరసింహం నిజంగా లేడు. ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆమె చూసి నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

"మెల్లగా తినండి బావగారూ" అంది.